తేలికపాటి లినక్స్‌లో సీరియల్ పోర్టు: మాడ్యూల్ దొరకడం లేదు, పోర్టు పలకడం లేదు

ప్రశ్న

నమస్కారం. ప్రయోగశాలలో వాడే ఒక ఎలక్ట్రానిక్ త్రాసు చూపించే అంకెలను ఎప్పటికప్పుడు ఫైలులోకి ఎక్కించడానికి ఒక పాత కంప్యూటర్‌లో టైనీ కోర్ లినక్స్ పెట్టుకున్నాను. త్రాసుకు ఆర్ఎస్-232 (సీరియల్) పోర్టు ఉంది. కంప్యూటర్ మదర్‌బోర్డు మీద ఒక సీరియల్ పోర్టు ఉంది. అది పనిచేయకపోతే వాడుకోవచ్చని ఒక యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్ కూడా తెచ్చుకున్నాను.

అడాప్టర్‌తో పాటు వచ్చిన సీడీలోని లినక్స్ డ్రైవర్ సోర్స్‌ను కంపైల్ చేయబోతే పదుల కొద్దీ ఎర్రర్లు వచ్చాయి. మాడ్‌ప్రోబ్ ఆదేశంతో పీఎల్2303 మాడ్యూల్‌ను (కెర్నెల్‌లోకి ఎక్కించే డ్రైవర్‌ను) పిలిస్తే అలాంటిదేమీ లేదంటోంది. మదర్‌బోర్డు పోర్టు విషయానికి వస్తే, డెవ్ డైరెక్టరీలో టీటీవైఎస్0 నుంచి టీటీవైఎస్3 వరకు నాలుగు కనిపిస్తున్నాయి గానీ, దేనిని క్యాట్ ఆదేశంతో తెరిచినా ఒక్క అక్షరం కూడా రావడం లేదు. అసలు ఏ డ్రైవర్ వేయాలో, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు

ముందుగా ఆ సీడీని పక్కన పెట్టేయండి. లినక్స్ కెర్నెల్ (వ్యవస్థ కేంద్ర భాగం) తన లోపలి ఇంటర్‌ఫేస్‌లు మారకుండా ఉంటాయని ఎన్నడూ హామీ ఇవ్వదు కాబట్టి, ఏనాటి కెర్నెల్ కోసమో రాసిన డ్రైవర్ నేటి కెర్నెల్ మీద కంపైల్ కాకపోవడం సహజమే. అందులో మీ పొరపాటు లేదు. పైగా ఆ శ్రమ అవసరం కూడా లేదు, ఎందుకంటే సాధారణంగా దొరికే అడాప్టర్లలోని చిప్పులన్నింటికీ డ్రైవర్లు కెర్నెల్ సోర్స్‌లోనే ఎన్నో ఏళ్లుగా ఉన్నాయి. తేలికపాటి పంపిణీలు స్థలం ఆదా కోసం వాటిని మూల ఇమేజ్‌లో పెట్టకుండా విడిగా ఉంచుతాయి, అంతే.

అడాప్టర్‌ను గుచ్చి డీమెసేజ్ ఆదేశం ఇస్తే, చివరి వరుసల్లో తయారీదారు సంఖ్య, ఉత్పత్తి సంఖ్య కనిపిస్తాయి. 067బీ, 2303 అని ఉంటే పీఎల్2303 మాడ్యూల్. 0403, 6001 అయితే ఎఫ్‌టీడీఐ-ఎస్ఐఓ. 1ఏ86, 7523 అయితే సీహెచ్341. 10సీ4, ఈఏ60 అయితే సీపీ210ఎక్స్. డబ్బా మీద రాసిన పేరును కాక ఈ సంఖ్యలనే నమ్మండి.

టైనీ కోర్‌లో ఈ మాడ్యూళ్లు యూఎస్‌బీ-సీరియల్ అనే ఎక్స్‌టెన్షన్‌లో (విడిగా వేసుకునే ప్యాకేజీలో) వస్తాయి. దాని పేరులో కెర్నెల్ వెర్షన్ కూడా కలిసి ఉంటుంది. అది యూనేమ్ ఆదేశం చూపించే వెర్షన్‌తో అక్షరం తేడా లేకుండా సరిపోవాలి, లేకపోతే మాడ్యూల్ ఎక్కదు. బూట్ సమయంలో ఎక్కించాల్సిన వాటి ఆన్‌బూట్ జాబితాలో పేరు రాసేటప్పుడు వెర్షన్ ఉండే చోట పెద్ద అక్షరాలతో కెర్నెల్ అనే పదాన్నే ఉంచితే, నడుస్తున్న వెర్షన్‌ను వ్యవస్థే అక్కడ చేర్చుకుంటుంది. రేపు మీరు కెర్నెల్ మార్చినా ఆ వరుసను తిరగరాయనక్కరలేదు.

రెండవ జవాబు

అడాప్టర్ సంగతి పై మిత్రులు చెప్పారు. నా మటుకు నేను మదర్‌బోర్డు పోర్టునే ముందు ప్రయత్నించమంటాను. ఉన్నదాన్ని వదిలి మధ్యలో మరో చిప్పును ఇరికించడం దేనికి?

డెవ్‌లో టీటీవైఎస్ పేర్లు నాలుగు కనిపించినంత మాత్రాన నాలుగు పోర్టులు ఉన్నట్టు కాదు. మదర్‌బోర్డు సీరియల్ పోర్టులను నడిపే 8250 డ్రైవర్, హార్డ్‌వేర్ ఉన్నా లేకపోయినా ముందే కొన్ని స్థానాలు కేటాయించుకుంటుంది. నిజం తెలియాలంటే ప్రాక్ డైరెక్టరీలో టీటీవై కింద, డ్రైవర్ కింద ఉన్న సీరియల్ అనే ఫైలును రూట్‌గా చదవండి. ఏ వరుసలో 16550ఏ (సీరియల్ చిప్పు రకం) అని ఉంటుందో అదే అసలైన పోర్టు. అన్‌నోన్ అని ఉన్నవి ఖాళీ స్థానాలు. మొదటి పోర్టుకు మామూలుగా 3ఎఫ్8 చిరునామా, ఐఆర్‌క్యూ (ఇంటరప్ట్ సంఖ్య) 4 ఉంటాయి. అన్ని వరుసలూ అన్‌నోన్ అనే చెబితే, బయాస్ సెటప్‌లో పోర్టును ఆపివేసి ఉంచారేమో చూడండి. పాత యంత్రాల్లో ఇది తరచుగా ఎదురవుతుంది.

ఆ వరుసలోనే టీఎక్స్, ఆర్ఎక్స్ అని పంపిన, అందుకున్న బైట్ల లెక్క కూడా ఉంటుంది. పోర్టును తెరిచి ఉంచి త్రాసు మీద ప్రింట్ మీట నొక్కినప్పుడు ఆర్ఎక్స్ పెరగకపోతే, లోపం డ్రైవర్‌లో వెతకకండి, తీగలో వెతకండి. త్రాసును విప్పేసి, కంప్యూటర్ పోర్టులో 2, 3 పిన్నులను చిన్న తీగతో కలిపి, హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ ఆపి, టెర్మినల్ ప్రోగ్రాంలో ఏదైనా టైపు చేయండి. అక్షరాలు తిరిగి వస్తే పోర్టు, డ్రైవర్ రెండూ బాగున్నట్టే. అప్పుడు మిగిలేది కేబుల్. 2, 3 తీగలు అడ్డంగా మారే నల్ మోడెమ్ కేబుల్ కావాల్సిన చోట నేరు కేబుల్ పెట్టి రోజుల తరబడి డ్రైవర్లు మార్చినవారిని నేను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. మొదటి వరుసలో 16550ఏ అని కనిపించింది, పిన్నులు కలిపిన పరీక్షలో అక్షరాలు తిరిగి వచ్చాయి. మీరన్నట్టే నా దగ్గర ఉన్నది నేరు కేబుల్. నల్ మోడెమ్ కేబుల్ పెట్టగానే ఆర్ఎక్స్ లెక్క పెరిగింది. అయితే వచ్చేవి అంకెలు కావు, వింత గుర్తులు. ఎక్కడెక్కడో ఒకటి రెండు అంకెలు మాత్రం సరిగ్గా ఉంటున్నాయి. యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కూడా వేశాను, అడాప్టర్ పోర్టుగా టీటీవైయూఎస్‌బీ0 వచ్చింది గానీ, దానిని రూట్‌గా తప్ప తెరవలేకపోతున్నాను. వాడుకరిని సీరియల్ పోర్టులు తెరిచే అనుమతి ఉన్న డయల్‌అవుట్ గ్రూపులో చేర్చాను, రీబూట్ చేస్తే అదీ పోయింది.

రెండవ జవాబిచ్చినవారు

కొన్ని అంకెలు సరిగ్గా వస్తున్నాయంటే వేగం కుదిరింది, పారిటీ (తప్పులు పట్టడానికి చేర్చే అదనపు బిట్) కుదరలేదని అర్థం. చాలా త్రాసులు 7 బిట్లు, సరి పారిటీతో పంపుతాయి. కంప్యూటర్ 8 బిట్లుగా చదివితే పారిటీ బిట్ ఎనిమిదో బిట్‌గా చేరి సగం అక్షరాలను పాడుచేస్తుంది. త్రాసు మెనూలో ఉన్న విలువలు చూసి, పోర్టు అమరికలు మార్చే ఎస్‌టీటీవై ఆదేశంలో సీఎస్7 (7 బిట్లు), పార్‌ఎన్‌బీ (పారిటీ ఉంది) ఇవ్వండి, పార్‌ఆడ్‌ను (బేసి పారిటీని) మైనస్ గుర్తుతో ఆపండి. రా (వచ్చిన బైట్లను మార్చకుండా ఇవ్వడం) అని ఇచ్చినంత మాత్రాన ఎకో (వచ్చినదాన్ని తిరిగి పంపడం) ఆగదు. దానినీ విడిగా ఆపాలి. లేకపోతే త్రాసు పంపిన ప్రతి వరుసా తిరిగి త్రాసుకే వెళ్లి, అది వాటిని ఆదేశాలుగా తీసుకునే ప్రమాదం ఉంది.

మొదటి జవాబిచ్చినవారు

గ్రూపు పోవడానికి కారణం, టైనీ కోర్ మూల వ్యవస్థ అంతా ర్యామ్‌లో ఉండటమే. ఈటీసీలోని గ్రూప్ ఫైలు దానంతట అది భద్రం కాదు. ఆప్ట్ డైరెక్టరీలోని ఫైల్‌టూల్ జాబితాలో ఆ ఫైలు పేరు చేర్చి, ఫైల్‌టూల్ స్క్రిప్టును బ్యాకప్ ఐచ్ఛికంతో నడిపితే నిలుస్తుంది. బూట్ అయ్యేటప్పుడు నడిచే బూట్‌లోకల్ స్క్రిప్టులో 666 (అందరూ చదివే, రాసే) అనుమతులు ఇచ్చేయమని కొందరు సలహా ఇస్తారు. నాకది నచ్చదు, ఎందుకంటే అడాప్టర్‌ను ఒకసారి తీసి మళ్లీ పెడితే నోడ్ (డెవ్‌లోని పరికరం ఫైలు) కొత్తగా పుడుతుంది, పాత అనుమతులు ఉండవు. దానికి బదులు తయారీదారు, ఉత్పత్తి సంఖ్యలు చూసి గ్రూపును డయల్‌అవుట్‌గా మార్చి, త్రాసు అనే అర్థమిచ్చే లింకును కూడా సృష్టించే యూడెవ్ (పరికరాల నోడ్‌లను చూసుకునే వ్యవస్థ) నియమం ఒకటి రాయండి. ఆ నియమం ఉన్న ఫైలునూ అదే జాబితాలో చేర్చండి. రేపు రెండో అడాప్టర్ వచ్చి 0, 1 సంఖ్యలు తారుమారైనా, ఆ రెండింటి సంఖ్యలు వేరుగా ఉన్నంతవరకు మీ ప్రోగ్రాం ఆ లింకునే తెరుస్తుంది.

ప్రశ్న అడిగినవారు

7 బిట్లు, సరి పారిటీ, 2400 వేగం పెట్టాను. అంకెలు శుభ్రంగా వస్తున్నాయి. రెండుసార్లు రీబూట్ చేసి చూశాను, గ్రూపు నిలిచింది, ఫైలులో నమోదు ఆగకుండా సాగుతోంది. మదర్‌బోర్డు పోర్టుతోనే పని జరుగుతోంది కాబట్టి అడాప్టర్‌ను విడిగా ఉంచాను, అయినా యూడెవ్ నియమం రాసి పెట్టుకున్నాను.