వేయించిన కాఫీ గింజల నిల్వ గురించి

ప్రశ్న (విజయవాడ): అరకు నుండి తెచ్చిన అరకిలో వేయించిన గింజలను గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచాను. రోజూ మూత తీసినప్పుడు సీసా లోపలి అంచున సన్నని చెమ్మ కనిపిస్తోంది, పది రోజులకే డికాషన్‌లో మునుపటి సువాసన తగ్గింది. ఏం చేయాలండీ?

జవాబు: ఆ చెమ్మే కారణమండి. చల్లటి గింజలకు బెజవాడ ఉక్కగాలి తగలగానే అందులోని తేమ వాటిపై నీరుగా పేరుకుని, సువాసనను హరిస్తుంది. గాలి చొరని డబ్బాలో పోసి, పొయ్యికీ ఎండకూ దూరంగా అల్మారాలో ఉంచండి. ఏ పూటకు కావలసినవి ఆ పూటే పొడి చేసుకోండి, ఎందుకంటే పొడికి గాలి మరింత త్వరగా తగులుతుంది.

జవాబు (గుంటూరు): ఎక్కువ కాలం దాచాలంటే ఫ్రీజరే మేలని నా అభిప్రాయం. అయితే వారానికి సరిపడా చిన్న పొట్లాలుగా గట్టిగా మూసి పెట్టి, బయటకు తీసిన పొట్లం గది వేడికి వచ్చాకే విప్పాలి, మళ్లీ లోపల పెట్టకూడదు. మా ఇంట్లో కారం డబ్బా పక్కన ఉంచిన గింజలకు ఆ ఘాటు పట్టింది, అదీ చూసుకోండి.