‘లుపా’ను తెలుగులో ఏమనాలి?

రోము నగర స్థాపన కథలో కవలలకు పాలిచ్చిన ‘లుపా’ను తెలుగులోకి ఎలా తేవాలని ఒకరు అడిగారు. ‘ఆడ తోడేలు’ అంటే సరిపోతుందని వెంటనే వచ్చిన సమాధానం సగం వరకే సరైనదని నా అభిప్రాయం.

లాటిన్‌లో లుపా అంటే ఆడ తోడేలే. అయితే వేశ్యను కూడా వాడుకలో ఆ మాటతోనే పిలిచేవారు. వేశ్యాగృహానికి లుపానార్ అన్న పేరు ఈ రెండో అర్థం నుంచి వచ్చినదే. క్రీ.శ. 79లో అగ్నిపర్వతపు బూడిదలో పూడిపోయిన రోమన్ నగరం పాంపేయీలో అటువంటి ఇల్లొకటి, ఇరుకు గదుల్లో కట్టిన రాతి మంచాలతో సహా, నేటికీ నిలిచి ఉంది.

రోమన్ చరిత్రకారుడు లివీ ఈ శ్లేషను ఎరిగినవాడే. రాజు అమూలియస్ ఆజ్ఞపై టైబర్ నది వరదనీటిలో వదిలిన కవలలు రోములస్, రీమస్‌ల ఏడుపు విని, దాహంతో కొండ దిగి వచ్చిన తోడేలు వారికి చన్నిచ్చిందనీ, రాజుగారి మందల కాపరి ఫాస్టులస్ చూసేసరికి అది పిల్లలను నాలుకతో నాకుతూ ఉందనీ చెప్పిన పిమ్మట, ఫాస్టులస్ భార్య లారెంతియాను ఆమె నడవడిని బట్టి గొల్లలు లుపా అనేవారనీ, ఈ అద్భుతగాథకు అదే మూలమనీ కొందరు తలుస్తారని ఒక్క వాక్యంలో తేల్చేస్తాడు. నాకు మాత్రం ఇది కథ స్థిరపడిన తరువాత పండితులు చేసిన చమత్కారంలాగే తోస్తుంది. ఎందుకంటే క్రీ.పూ. 296లోనే, అంటే లివీకి రమారమి మూడు వందల ఏళ్ల ముందే, రోము నగరాధికారులైన ఓగుల్నియస్ సోదరులు, కవలలు దొరికిన చోటుగా చెప్పే రూమినాలిస్ అత్తిచెట్టు దగ్గర తోడేలు పొదుగు కింద కవలలున్న విగ్రహాన్ని నిలిపారు.

ఇక తెలుగు సంగతి. తోడేలు అన్న మాటకు ఆ రెండో అర్థం లేదు. ‘సాని’ దొరసానిలో ఒకలా, విడిగా మరొకలా ధ్వనిస్తుంది కానీ అందులో జంతువు లేదు. తోడేలు అనే అర్థం గల లాటిన్ లుపుస్‌కు సంస్కృత వృక శబ్దం చుట్టమే అయినా, వృకి అంటే మన పాఠకునికి మహా అయితే వృకోదరుడు గుర్తుకొస్తాడు.

అయితే నామవాచకం ఇవ్వలేనిది మన క్రియ ఇస్తుంది. స్త్రీవాచకాలు ఏకవచనంలో అమహత్తుల (జంతువులు, వస్తువుల పేర్ల) క్రియనే తీసుకుంటాయి కనుక, ‘వచ్చింది, చన్నిచ్చింది, పెంచింది’ అన్న మాటలు మనిషికీ జంతువుకూ సమానంగా చెల్లుతాయి. కాబట్టి లుపా అన్న మాటను అలాగే ఉంచి, ‘ఆమె’, ‘అది’ అన్న సర్వనామాలను తొలగించి వాక్యం నడిపితే శ్లేష చాలా దూరం నిలుస్తుంది. ‘నాకింది’ దగ్గర మాత్రం తోడేలే బయటపడుతుంది. బహువచనంలో ఈ వెసులుబాటు ఉండదు: వేశ్యలు వచ్చారు, తోడేళ్లు వచ్చాయి. కథలో ఉన్నది ఒక్క లుపాయే కావడం అనువాదకుని అదృష్టం.