ఇంటి ల్యాప్‌టాప్‌కి లోకల్ అకౌంటా, మైక్రోసాఫ్ట్ అకౌంటా?

నల్లకుంట_నోట్‌ప్యాడ్
కొత్త ల్యాప్‌టాప్. విండోస్ 11 హోమ్, దాంతోపాటే ఆఫీస్ 2024. వాడేవాళ్లం ముగ్గురం: నాన్న, ఇంటర్ చదివే చెల్లి, నేను. నెట్ కనెక్ట్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఇస్తే తప్ప సెటప్ ముందుకు కదలట్లేదు. ఇచ్చేయాలా, ఎలాగోలా లోకల్ అకౌంట్ (ఈ ల్యాప్‌టాప్‌లోనే ఉండే యూజర్ పేరు, పాస్‌వర్డ్) పెట్టుకోవాలా? ఒక్క ముక్కలో తేల్చేయకుండా కారణాలు చెప్పండి.

సి_డ్రైవ్
లోకల్. మనింట్లో మిషన్ ఆన్ చేయడానికి ఎక్కడో సర్వర్‌లో హాజరు వేయించుకోవడం ఏంటి?

నెట్, అకౌంట్ లేకుండా సెటప్ దాటడానికి షిఫ్ట్+ఎఫ్10 కొట్టి బైపాస్‌ఎన్‌ఆర్‌ఓ (bypassnro) అని టైప్ చేసే పాత చిట్కాని నమ్ముకోకండి. 2025లో ఇన్‌సైడర్ బిల్డ్‌ల (అందరికంటే ముందు పరీక్షకిచ్చే విండోస్ వెర్షన్ల) నుంచి ఆ స్క్రిప్ట్ తీసేయడం మొదలుపెట్టారు. విండోస్ మళ్లీ ఎక్కించే ఉద్దేశం ఉంటే రూఫస్ (విండోస్ ఎక్కించే పెన్‌డ్రైవ్ చేసిపెట్టే సాఫ్ట్‌వేర్)తో 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారుచేయండి. స్టార్ట్ నొక్కగానే వచ్చే బాక్సులో ఆన్‌లైన్ అకౌంట్ అవసరాన్ని తీసేసే టిక్ ఉంటుంది. సెటప్ అయ్యేదాకా నెట్ కనెక్ట్ చేయకూడదు, చేస్తే ఆ టిక్ పనిచేయదు. వైఫై డ్రైవర్ ముందే దించి పెట్టుకోండి.

కొత్త ల్యాప్‌టాప్‌కి అంత అక్కర్లేదు. అకౌంట్ ఇచ్చి సెటప్ ముగించండి. సెట్టింగ్స్, అకౌంట్స్, అదర్ యూజర్స్, యాడ్ అకౌంట్. అక్కడ ఆ మనిషి సైన్-ఇన్ వివరాలు లేవన్న లింకు నొక్కి, తర్వాతి పేజీలో మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా యూజర్‌ని చేర్చే లింకు పట్టుకోండి. దాన్ని అడ్మినిస్ట్రేటర్ చేసి, మొదటిది తీసేయండి. ఉన్న అకౌంట్‌నే లోకల్‌గా మార్చొచ్చు గానీ, మెయిల్ ఐడీలోని మొదటి ఐదక్షరాలతో ఏర్పడిన యూజర్ ఫోల్డర్ పేరు అలాగే ఉండిపోతుంది. తర్వాత దాన్ని మార్చడం పెద్ద తలనొప్పి.

పార్క్‌లేన్_స్క్రూడ్రైవర్
హాజరు మాట తప్పు. పిన్‌ని సరిచూసేది ఆ మిషన్‌లోనే, టీపీఎం అనే సెక్యూరిటీ చిప్ సాయంతో. మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉన్నా నెట్ లేకుండా లాగిన్ అవుతుంది.

అంతకంటే ముఖ్యం, మీరు చెప్పిన పద్ధతిలోనే డేటా పోతుంది. విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌తో వచ్చే కొత్త మిషన్లలో హోమ్ ఎడిషన్ అయినా సరే, డివైస్ ఎన్‌క్రిప్షన్ (డ్రైవ్‌లోని డేటాకి తాళం వేయడం) దానంతటదే మొదలవుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కాగానే తాళం పడి, ఆ తాళం తీసే 48 అంకెల రికవరీ కీ ఆ అకౌంట్‌లోకి వెళ్తుంది. మీరు లోకల్‌కి మారినా తాళం అలాగే ఉంటుంది. ఏడాది తర్వాత మదర్‌బోర్డు మారిస్తేనో, బయోస్ అప్‌డేట్ తేడా కొడితేనో నీలం స్క్రీన్ వచ్చి కీ అడుగుతుంది. సెటప్ గట్టెక్కడానికి అప్పటికప్పుడు చేసిన మెయిల్ ఐడీ అప్పుడెవరికి గుర్తుంటుంది? కీ లేకపోతే డ్రైవ్ ఫార్మాట్ చేయడం తప్ప దారి లేదు, ఏ సర్వీస్ సెంటరైనా అదే చెప్తుంది.

మొదట్నుంచీ లోకల్ అయితే కథ వేరు. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయినా తాళంచెవి తలుపుకే వేలాడుతుంటుంది. కీ అడగదు, కానీ ల్యాప్‌టాప్ కొట్టేసినవాడికీ డేటా దొరుకుతుంది.

సి_డ్రైవ్
కీ సంగతి నేను చెప్పాల్సింది, ఒప్పుకుంటున్నా. మారే ముందు కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మిన్‌గా తెరిచి మేనేజ్-బీడీఈ -ప్రొటెక్టర్స్ -గెట్ సి: (manage-bde -protectors -get C:) కొడితే 48 అంకెలూ కనిపిస్తాయి. రాసుకోండి. తాళమే వద్దనుకుంటే ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి, డీక్రిప్షన్ పూర్తయ్యేదాకా ఆగండి.

కానీ మీ పక్షం లెక్క కూడా చెప్పండి. అకౌంట్ ఇచ్చినవాళ్లకి వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ స్టోరేజ్) బ్యాకప్ ఆన్ అయి డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ మూడూ దాని ఫోల్డర్‌లోకి వెళ్లిపోతుంటాయి. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. ఒక పెళ్లి ఆల్బమ్‌కే నిండిపోతుంది. నిండితే అదే అకౌంట్ అవుట్‌లుక్ మెయిల్ కూడా ఆగిపోతుంది.

మౌలాలి_మౌస్
ఇద్దరూ ఒకటి మరిచిన్రు. షాపుల సెటప్ చేయించుకుంటే ఏ మెయిల్‌తోటి చేసిన్రో చూడాలె. వాళ్ల మెయిల్ అయితే రికవరీ కీ వాళ్ల దగ్గరికే పోతది, ఆఫీస్ కూడా దానికే అతుక్కుంటది. సెట్టింగ్స్ల అకౌంట్స్, యువర్ ఇన్ఫో తెరిస్తే మెయిల్ కనిపిస్తది. బిల్లు కట్టే ముందే చూసుకోండి.

ఆఫీస్‌కు మైక్రోసాఫ్ట్ అకౌంట్ తప్పదు. అట్లని విండోస్‌కు ఇయ్యాలని లేదు. ఆఫీస్ల సైన్-ఇన్ అయినంక అన్ని యాప్‌లల్ల వాడాల్నా అని అడుగుతది. ఈ యాప్ ఒక్కదానికే అనండి. చూడకుంట ఓకే కొడితే విండోస్ల కూడా ఎక్కి కూసుంటది.

ఇంట్ల పాత విండోస్ 10 డెస్క్‌టాప్ ఉంటే ఇంకో సంగతి. దాని సపోర్ట్ 2025 అక్టోబర్ 14కే అయిపోయింది. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్స్‌ల చేరాల్నంటే మైక్రోసాఫ్ట్ అకౌంట్ కావాల్సిందే, 30 డాలర్లు కట్టినా సరే.

నల్లకుంట_నోట్‌ప్యాడ్
నాన్నగారు పాస్‌వర్డ్ మర్చిపోతే ఏది నయం?

పార్క్‌లేన్_స్క్రూడ్రైవర్
మైక్రోసాఫ్ట్ అకౌంటే, ఫోన్ నెంబరు బతికున్నంత కాలం. రీచార్జ్ లేక వాడకుండా పడేసిన సిమ్ 90 రోజులు దాటితే కట్ కావచ్చు, తర్వాత ఆ నెంబరు ఇంకొకరికి వెళ్లొచ్చు. అప్పుడు ఓటీపీ రాదు. అకౌంట్‌లో ఇచ్చిన పాత నెంబరు, మెయిల్ వివరాలన్నీ మార్చాలంటే 30 రోజులు ఆగాలి. అందుకే నెంబరుతో పాటు రెండో మెయిల్ కూడా ఇవ్వండి.

చెల్లికి టైమ్ లిమిట్ పెట్టాలనుకున్నా మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీకి ఆన్‌లైన్ అకౌంట్ కావాలి.

సి_డ్రైవ్
లోకల్‌లో మూడు సెక్యూరిటీ ప్రశ్నలుంటాయి. పుట్టిన ఊరు అడిగితే ఊరి పేరే రాయాలని రూలేం లేదు, ఇంట్లో అందరికీ తెలిసిన మాట ఏదైనా పెట్టండి. నాన్నగారికీ చెల్లికీ స్టాండర్డ్ యూజర్, మీకు అడ్మిన్. నాన్నగారి పాస్‌వర్డ్ మీరే రీసెట్ చేయొచ్చు, కాకపోతే అలా బలవంతంగా మారిస్తే ఆయన యూజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్‌లు పోవచ్చు. అందుకని ముందు ప్రశ్నలతోనే ప్రయత్నించండి. నా ఓటు ఇప్పటికీ లోకల్‌కే.

పార్క్‌లేన్_స్క్రూడ్రైవర్
నాది మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కే. వన్‌డ్రైవ్ గొడవంటారా, దాని సెట్టింగ్స్‌లో మేనేజ్ బ్యాకప్‌కి వెళ్లి మూడు ఫోల్డర్లూ ఆఫ్ చేస్తే సరి. ఆఫ్ చేశాక డెస్క్‌టాప్ ఖాళీగా కనిపిస్తే కంగారు పడకండి, ఫైళ్లు వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోనే ఉంటాయి, వెనక్కి కాపీ చేసుకోవాలి. ఎటు వెళ్లినా ఆ 48 అంకెల కాగితం మాత్రం ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టకండి.