ప్రమాదంపై విచారణలో శిక్ష మాట రావచ్చా?

షిఫ్ట్ ఇన్‌చార్జి:
మా దగ్గర కన్వేయర్ రోలర్‌లో పడి ఒకతని చూపుడువేలు నలిగిపోయింది. రోలర్‌కి చెయ్యి తగలకుండా బిగించే గార్డు విప్పి పక్కన పెట్టి, బెల్టు తిరుగుతుండగానే ఇరుక్కున్న అట్టముక్కను లాగబోయాడు. రిపోర్టులో కారణం దగ్గర ‘అజాగ్రత్త’ అని రాసి, అతనికి మెమో ఇచ్చి ఫైలు మూసేశారు. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

సేఫ్టీ కమిటీ సభ్యుడు:
మెమో సరైనదే. గార్డు తీయొద్దని ట్రైనింగ్‌లో చెప్పాక, సంతకం పెట్టాక కూడా తీస్తే ఊరుకుంటామా? ఇవాళ వదిలేస్తే రేపు ఇంకొకరు తీస్తారు.

మెయింటెనెన్స్ ఫిట్టర్:
భయపెడితే ఏమవుతుందో నేను కళ్లారా చూశానండి. నేను ఇంతకుముందు పనిచేసిన చోట ఒకతనికి ఇలాగే జీతం కోశారు. ఆ తర్వాత చిన్న దెబ్బ తగిలితే ఎవరూ చెప్పేవాళ్లు కాదు. గుడ్డ చుట్టుకుని పనిలోకి దిగేవాళ్లం. అదే మెషీన్ మీద ఇంకొకతని చెయ్యి పోయాక గానీ సంగతి బయటపడలేదు.

ఇన్‌చార్జి గారూ, ఒకసారి ఆ గార్డు బోల్టులు చూడండి. తలల మీద రంగు పోయి మెరుస్తుంటే రోజూ విప్పుతున్నట్టే లెక్క.

షిఫ్ట్ ఇన్‌చార్జి:
వెళ్లి చూశాను. నాలుగు బోల్టులు ఉండాల్సిన చోట రెండే ఉన్నాయి, రెండూ మెరుస్తున్నాయి. పక్క రోలర్‌దీ అంతే. షిఫ్టుకి పది పన్నెండుసార్లు జామ్ అవుతుందట. బెల్టు ఆపాలంటే ఆ చివరిదాకా నడవాలి, ఆగిన ప్రతి నిమిషం టార్గెట్‌లో పోతుంది. ఇందులో ఒక్క ముక్కా రిపోర్టులో లేదు.

మెయింటెనెన్స్ ఫిట్టర్:
అదే అసలు కారణం! 1988లో ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా చమురు వేదిక తగలబడి 167 మంది చనిపోయారు. రిపేరు కోసం ఒక పంపు సేఫ్టీ వాల్వు తీసి ఉంచారు. ఆ సంగతి రాత్రి షిఫ్టుకి అందలేదు, వాళ్లు ఆ పంపునే స్టార్ట్ చేశారు. పంపు ఆన్ చేసినవాళ్లదే తప్పని విచారణ అక్కడితో ఆగలేదు. రిపేరు నడుస్తోందని చెప్పే పర్మిట్ కాగితం రాత్రి షిఫ్టుకి ఎందుకు అందలేదని తవ్వింది, 106 సిఫార్సులు చేసింది.

సేఫ్టీ కమిటీ సభ్యుడు:
ఒప్పుకుంటాను. మరి తాగి మెషీన్ ఎక్కినవాడినీ వదిలేయాలా?

మెయింటెనెన్స్ ఫిట్టర్:
వద్దు. కానీ అది వేరే ఫైలు, వేరే మనుషులు చూడాలి. విమాన ప్రమాదాలకు అంతర్జాతీయ నియమమే ఉంది: దర్యాప్తు ఉద్దేశం నివారణ ఒక్కటే, తప్పు ఎవరిదో తేల్చడం కాదని. నోరు విప్పితే ఉద్యోగం పోతుందన్న టెన్షన్ ఉన్నవాడు నిజం చెప్పడండీ.

షిఫ్ట్ ఇన్‌చార్జి:
ఫైలు మళ్లీ తెరవమని రాస్తున్నాను. రోలర్ పక్కనే ఆపే తాడు, గార్డు తెరిస్తే బెల్టు ఆగిపోయే స్విచ్ అడుగుతున్నాను. అట్టముక్కలు ఎందుకు ఇరుక్కుంటున్నాయో కూడా చూడాలి. మెమో వెనక్కి తీసుకోమనీ అడుగుతాను.

సేఫ్టీ కమిటీ సభ్యుడు:
మెమో విషయంలో నా మాట మారదు. కానీ పక్క రోలర్ బోల్టులూ మెరుస్తున్నాయన్నారుగా, ముందు దాన్ని ఆపించండి.