జర్మన్ షెపర్డ్ వీపు వాలు: జాతి లక్షణమా, మనుషులు తెచ్చిన లోపమా?

పెన్నాతీరం:
1899లో జర్మనీలోని కార్ల్స్‌రూహే కుక్కల ప్రదర్శనలో ఈ జాతి స్థాపకుడు మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ చూసి కొన్న గొర్రెల కాపలా కుక్కే హోరాండ్ ఫాన్ గ్రాఫ్రాట్ అనే పేరుతో ఈ జాతి నమోదు పుస్తకంలో మొదటిదయింది. పాత ఛాయాచిత్రాల్లో దాని వీపు దాదాపు తిన్నగా కనిపిస్తుంది. కంచెలు లేని జర్మన్ పొలాల్లో మంద పక్కవారి చేలో పడకుండా మేత హద్దు వెంబడి పొద్దంతా తిరగడమే ఆ కుక్కల పని. నేడు బహుమతులు పొందుతున్నవాటిలో అనేకం వెనుక భాగాన్ని నేలకు ఈడ్చినట్లు నడుస్తున్నాయి. ఇది అందం పేరుతో మనుషులు తెచ్చిన లోపమేనని నా అభిప్రాయం.

రాచబాట:
ప్రదర్శనలో ఒక వెనుక కాలిని ముందుకు, రెండవదాన్ని వెనక్కి ఉంచి నిలబెడతారు కనుక వాలు ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. ఈ జాతి కుక్క ఎలా ఉండాలో చెప్పే జాతి ప్రమాణంలోనే 23 డిగ్రీల వాలు రాసి ఉంది. వెనుక కీళ్లలో తగిన వంపు ఉన్నప్పుడే అంగ పొడవుగా పడి, కుక్క అలసిపోకుండా దూరం పోగలుగుతుంది.

వేపచెట్టు:
జర్మన్ షెపర్డ్‌నే మా తాతగారు ఆల్సేషియన్ అనేవారు; ఆయన పెంచిన కుక్క వీపు తిన్నగానే ఉండేది.

పెన్నాతీరం:
రాచబాట గారూ, ఆ 23 డిగ్రీలు తోకకు ముందుండే పిరుదు భాగానికి చెప్పిన కోణం, మొత్తం వీపుకు కాదు. ఇక నా అనుభవం వినండి. పెద్ద ధర పెట్టి తెచ్చుకున్న మా కుక్కపిల్ల రెండేళ్లు నిండకముందే మెట్లు ఎక్కలేకపోయింది. ఎక్స్-రేలో తుంటి గిన్నె లోతు లేకుండా, ఎముక తల అందులో సరిగా కూర్చోకుండా కనిపించింది. తల్లిదండ్రులకు ఆ పరీక్ష చేయించారా అని అడిగితే అమ్మినవారు ఫోన్ ఎత్తడం మానేశారు.

రాచబాట:
మీరు రెండు విషయాలను కలిపేస్తున్నారు. తుంటి కీలు జబ్బు వీపు తిన్నగా ఉన్న లాబ్రడార్లకూ వస్తుంది. వంశపారంపర్యంతో పాటు చిన్నతనంలో అతిగా బరువు పెరగడం, జారే టైల్స్ గచ్చు మీద పెరగడం కూడా దాన్ని ముదురుస్తాయి. మీరు పిల్లకు కాల్షియం సిరప్ పోశారా?

మెతుకుసీమ:
పెద్ద జాతి కుక్కపిల్లల కోసం తయారుచేసే ఆహారంలో కావలసినంత కాల్షియం ఉంటుందని, పైనుంచి పోస్తే ఎముకల ఎదుగుదల దెబ్బతింటుందని మా పశువైద్యులు చెప్పారు.

పెన్నాతీరం:
పోశాను. పిల్లతో పాటు సీసాను కూడా చేతిలో పెట్టి, రోజూ పోయమని చెప్పింది ఆ అమ్మినవారే! డబ్బు తీసుకునేటప్పుడు వంశం గొప్పదని చెప్పి, కుక్క కుంటితే మా ఇంటి గచ్చును తప్పుపట్టడం న్యాయమా?

రాచబాట:
నేనూ కుక్కపిల్లలను అమ్ముతాను కనుక ఈ మాట నన్ను కూడా అన్నట్లే తీసుకుంటున్నాను. మా ఇంటికి వచ్చేవారు తల ఎంత పెద్దది, వీపు ఎంత వాలింది, ధర ఎంత తగ్గిస్తారు అనే మూడింటినే అడుగుతారు. తల్లిదండ్రుల తుంటి ఎక్స్-రే చూపమని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. మత్తు ఇచ్చి తీయించే ఆ పరీక్ష ఖర్చును ధరలో కలిపితే, వారు పరీక్షే చేయించని మరొకరి దగ్గరకు వెళ్లిపోతారు.

పెన్నాతీరం:
నా గొడవ వీపు గురించి కన్నా దీని గురించే ఎక్కువ. కొనేవారికి తెలియదు కనుక అడగరు. తెలిసిన మీరు అడగకుండానే చూపాలి. జర్మనీలోని జాతి సంఘం తుంటి పరీక్షలో నెగ్గని కుక్కను జత కట్టించడానికి ఒప్పుకోదు.

రాచబాట:
అక్కడ నిబంధన అందరికీ ఒకటే. ఇక్కడ నేనొక్కడినే పాటిస్తే నష్టపోయేది నేనే.

వేపచెట్టు:
రాచబాట గారూ, మీ కుక్కల ఎక్స్-రేలు ఇక్కడ పెట్టగలరా?

రాచబాట:
మగకుక్కది ఉంది, రేపు పెడతాను. ఆడకుక్కకు తీయించలేదు.

పెన్నాతీరం:
తీయించేవరకు దాన్ని జత కట్టించకండి.

రాచబాట:
అది కార్తీకంలో ఎదకు వస్తుంది. కుక్కపిల్లలకు ముందే అడ్వాన్సు ఇచ్చినవారు ఆ ఖర్చులో సగం భరిస్తామంటే తీయిస్తాను, లేకపోతే తీయించను.