అమ్మకు అమెరికా పౌరసత్వం రావాలంటే ఇంగ్లీషు రాయాల్సిందేనా?

బరంపురం ఆడపడుచు:
మా అమ్మకు 62 ఏళ్లు. అమెరికాలో తమ్ముడి దగ్గర గ్రీన్‌కార్డు మీద ఏడేళ్లుగా ఉంటోంది. పౌరసత్వానికి ఐదేళ్ల నివాసం కావాలి, అందులో కనీసం 30 నెలలు అక్కడే ఉండాలి. ఆ రెండూ సరిపోయాయి. చిక్కంతా ఇంగ్లీషుతోనే. మూడు అవకాశాల్లో ఒక వాక్యమైనా చదవాలి, ఒకటైనా విని రాయాలి. మాకు రాత్రి, ఆమెకు పొద్దున. వీడియో కాల్లో నేను చెప్తుంటే పాత క్యాలెండరు కాగితం వెనక రాస్తుంది. నిన్న ‘ప్రెసిడెంట్’ అని నాలుగుసార్లు రాసింది, నాలుగుసార్లూ చివరి ‘టి’ వదిలేసింది. అదే తెలుగులో పేజీ నిండా రాసినా ఒక్క కొట్టివేత ఉండదు. ఏడేళ్లుగా మనవల్ని పెంచిన మనిషికి ఈ పరీక్ష న్యాయమేనా?

పర్లాకిమిడి మాస్టారు:
న్యాయమే అమ్మా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రావిన్సు ఏర్పడి, మా పర్లాకిమిడి అందులో చేరింది. మా తాతగారు ఇల్లు మారలేదు, రాష్ట్రం మారింది. నలభై దాటాక పలక పట్టి ఒడియా నేర్చుకున్నారు. దానివల్లే భూమి కాగితం మీద సంతకం పెట్టేముందు ఆయన ఎవరినీ బతిమాలాల్సిన పని లేకపోయింది. మన 1955 పౌరసత్వ చట్టం కూడా, ఇక్కడ పౌరులు కాదలచిన విదేశీయులకు భాష వచ్చి ఉండాలనే అంటుంది.

జయపురం కుర్రాడు:
మాస్టారూ, ఆ చట్టం రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో ఏ ఒక్కటి వచ్చినా చాలంటుంది. తెలుగైనా సరే, సంతాలీ అయినా సరే. పైగా 1951-52 ఎన్నికల్లో చదువురాని వాళ్ల కోసమే గుర్తులు పెట్టారు. మా నాయనమ్మ వేలిముద్ర వేసే మనిషి. కానీ ఓటు ఎవరికి వేసిందో, ఎందుకు వేసిందో బియ్యం ధర దగ్గర్నుంచి లెక్క చెప్పేది. అక్షరం రానంత మాత్రాన పౌరురాలు కాకుండా పోయిందా?

పర్లాకిమిడి మాస్టారు:
నాయనమ్మగారి విషయంలో నీతో వాదించను బాబూ. అమెరికా వాళ్లూ వయసు చూశారు. 55 దాటి, గ్రీన్‌కార్డు వచ్చి 15 ఏళ్లయితే ఇంగ్లీషు అక్కర్లేదు. చరిత్ర, ప్రభుత్వం గురించిన ప్రశ్నలకు సొంత భాషలో జవాబు చెప్పవచ్చు.

బరంపురం ఆడపడుచు:
అమ్మకు ఆ 15 ఏళ్లు నిండేసరికి 70 వస్తాయి మాస్టారూ! అప్పటిదాకా ఆగమంటారా?

రాయగడ వదిన:
అసలు ఆవిడకి ఆ పౌరసత్వం ఎందుకమ్మా? అది తీసుకున్న క్షణంలో మన పౌరసత్వ చట్టం సెక్షన్ 9 కింద ఇక్కడి పౌరసత్వం పోతుంది. విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకిచ్చే ఓసీఐ కార్డు తెచ్చుకున్నా ఇక్కడ ఓటుండదు, పొలం కొనలేరు. వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు, అంతే.

బరంపురం ఆడపడుచు:
ఇక్కడికి రావడానికే వదినా. పోయినసారి పిన్నికి ఒంట్లో బాగాలేదని వచ్చింది. ఆరు నెలలు దాటితే నివాసం తెగిపోయినట్టు లెక్కేస్తారని, పిన్ని ఇంకా మంచంలో ఉండగానే విమానం ఎక్కించేశాం. స్టేషన్‌కు వెళ్లేదాకా అమ్మ ఆటోలో ఒక్క మాట మాట్లాడలేదు. అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ చేతికొస్తే బరంపురంలో ఎన్నాళ్లైనా ఉండొచ్చు, కొడుకు దగ్గరికీ వెళ్లొచ్చు. అందుకే ఆ ‘టి’ కోసం రోజూ కూర్చుంటోంది. మొదటిసారి తప్పినా 60 నుంచి 90 రోజుల్లో ఇంకో అవకాశం ఇస్తారట. మాస్టారూ, మీ తాతగారు పలక మీద ఎలా నేర్చుకున్నారో కాస్త వివరంగా రాయండి, అమ్మకు చదివి వినిపిస్తాను.