చీనీ మండీ లెక్కలకు రియాక్టా, వ్యూనా, స్వెల్టా? అసలు ఫ్రేమ్‌వర్క్ కావాలా?

చీనీతోట (అనంతపురం)

అందరికీ నమస్కారం. ఇక్కడి చీనీ (బత్తాయి) మార్కెట్ యార్డులో ఒక కమీషన్ మండీకి లెక్కల అప్లికేషన్ కొత్తగా రాయాలి. దాని తెరలు కట్టడానికి రియాక్ట్, వ్యూ, స్వెల్ట్ అనే జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్కుల్లో (తెరలు రాయడానికి ముందే సిద్ధం చేసిన కోడ్ చట్రాలు) ఏది తీసుకోవాలన్నదే ప్రశ్న. ఇప్పుడున్నది పీహెచ్‌పీ (సర్వర్ మీద పేజీ తయారుచేసే భాష), పైన జేక్వెరీ (పాత జావాస్క్రిప్ట్ లైబ్రరీ). లాటు నమోదు, తూకం, టన్ను ధర, హమాలీ, కమీషన్, రైతు ముందే తీసుకున్న అడ్వాన్సు, చివర్లో పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) ప్రింటు. గుమస్తా ముందు పాత ల్యాప్‌టాప్ ఉంటుంది. కాటా దగ్గర కుర్రాళ్ల చేతిలో మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లు. సీజన్‌లో బండ్లు వరుస కడతాయి, షెడ్డు లోపల సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది.

మేం ముగ్గురం. మిగతా ఇద్దరూ ఈమధ్యే ఇంజినీరింగ్ అయిపోయినవాళ్లు. ఒకరు స్వెల్ట్ అంటున్నారు, ఇంకొకరు కాలేజీలో రియాక్ట్ నేర్చుకున్నారు. నా మనసు వ్యూ మీద ఉంది. హెచ్‌టీఎమ్‌ఎల్ వచ్చినవాడు ఆ టెంప్లేట్ చూడగానే చదివేయగలడు. పాత పేజీలో ఒక ముక్కగా పెట్టుకోవచ్చు, అంతా ఒకేసారి తిరగరాయాల్సిన పని లేదు.

ఒక మనవి. రియాక్ట్‌కు ఉద్యోగాలు ఎక్కువ అన్న సంగతి నాకూ తెలుసు. అది ఆ గుమస్తాకు ఎలా పనికొస్తుందో చెప్పండి.

గండికోట (కడప, ఇప్పుడు బెంగళూరు)

తమ్ముడూ, నీ ప్రశ్నకే జవాబు చెప్తా. మీ ముగ్గురిలో ఇద్దరు రెండేళ్లలో బెంగళూరు బస్సు ఎక్కుతారు. నేనూ అలా ఎక్కినవాణ్ణే. అప్పుడు ఆ కోడ్ తెరిచి చూసేవాడు దొరకాలి. అనంతపురంలో రియాక్ట్ వచ్చిన పిల్లలు దొరికినంత సులువుగా స్వెల్ట్ వచ్చినవాళ్లు దొరకరు. సీజన్ మధ్యలో పట్టీ తప్పు ప్రింటైతే మీ గుమస్తాకు కావాల్సింది ఫోన్ ఎత్తే మనిషి.

రెండోది నిలకడ. రియాక్ట్ బయటికొచ్చింది 2013లో. 2019 ఫిబ్రవరిలో హుక్స్ (కాంపొనెంట్లను, అంటే తెర ముక్కలను, మామూలు ఫంక్షన్లుగా రాసే వీలు) వచ్చాయి, పద్ధతి మారింది. అయినా అంతకుముందు రాసిన క్లాస్ కాంపొనెంట్లు ఇవాళ్టికీ నడుస్తున్నాయి. వ్యూ సంగతి చూడు. 2020 సెప్టెంబర్‌లో మూడో వెర్షన్ వచ్చింది. ఫిల్టర్లు (టెంప్లేట్‌లోనే విలువ రూపు మార్చే సౌకర్యం) తీసేశారు, చాలా లైబ్రరీలు వెంటనే దానితో పనిచేయలేదు. వ్యూటిఫై (వ్యూకు రెడీమేడ్ బటన్లు, గడులు ఇచ్చే లైబ్రరీ) మీద కట్టుకున్నవాళ్లు దాని కొత్త వెర్షన్ కోసం 2022 చివరిదాకా ఆగాల్సి వచ్చింది. ఇక 2023 డిసెంబర్ 31తో రెండో వెర్షన్‌కు మద్దతు ఆపేశారు. చిన్న మండీ యజమాని ఒకే అప్లికేషన్‌కు రెండుసార్లు డబ్బు ఎందుకు పెట్టాలి?

చీనీతోట

అన్నా, మనిషి దొరకాలి అన్నది గట్టి మాట, ఒప్పుకుంటున్నా. నిలకడ విషయంలో మాత్రం నాది వేరే అభిప్రాయం. రియాక్ట్ లోపలి ముక్క నిలకడగానే ఉంది. దాని చుట్టూ ఉన్నవి ఉన్నాయా? రియాక్ట్ రౌటర్ (పేజీల మధ్య దారి చూపే లైబ్రరీ) ఆరో వెర్షన్‌లో రాసే తీరే మారిపోయింది. క్రియేట్ రియాక్ట్ యాప్ అనే పనిముట్టుతో ప్రాజెక్టులు కొత్తగా మొదలుపెట్టొద్దని 2025 ఫిబ్రవరిలో వాళ్లే చెప్పారు. ఫారాలకు ఒకటి, స్టేట్‌కు (తెర గుర్తుంచుకునే డేటాకు) ఒకటి, రౌటింగ్‌కు ఒకటి మనమే ఏరుకోవాలి. వ్యూలో రౌటర్, పినియా (స్టేట్ లైబ్రరీ) అదే బృందం చేతిలో ఉన్నాయి. ఇద్దరు కొత్తవాళ్లను పెట్టుకుని ఏ లైబ్రరీ తీసుకోవాలా అని వారాల తరబడి వాదించుకునే తీరిక నాకు లేదు.

తుంగభద్ర (కర్నూలు)

ఏరుకోవడమే ఇబ్బంది అయితే యాంగ్యులర్ అనే ఫ్రేమ్‌వర్క్ పేరు ఎవరూ ఎత్తరేం? రౌటర్, ఫారాలు, హెచ్‌టీటీపీ, టెస్టింగ్ అన్నీ దానితోనే వస్తాయి. మీది ప్రధానంగా ఫారాల పని. ఒక గడిలో తూకం మారితే నాలుగు గడులు మారాలి, అడ్వాన్సు మొత్తం కన్నా ఎక్కువైతే ఎర్రగా చూపాలి. ఇలాంటి వాటికి యాంగ్యులర్ రియాక్టివ్ ఫారాలంత పద్ధతిగా ఇంకోటి నేను చూడలేదు. కొత్తవాళ్లకు ఒకే దారి ఉండటం మంచిది. ఇద్దరు రాసిన కోడ్ ఒకేలా కనిపిస్తుంది, పక్కవాడు రాసింది చదవడానికి టెన్షన్ పడక్కర్లేదు.

యాంగ్యులర్ జేఎస్ (దాని మొదటి రూపం) నుంచి 2016లో రెండో వెర్షన్‌కు మారినప్పుడు అంతా కొత్తగా రాసుకోవాల్సి వచ్చిందని అంటారు, అది నిజం. ఆ తర్వాత ఆరు నెలలకో పెద్ద వెర్షన్ వస్తోంది కానీ, అప్‌డేట్ ఆదేశం ఇస్తే చాలావరకు కోడ్‌ను అదే సవరిస్తుంది. 2023లో సిగ్నల్స్ (విలువ మారితే తెరను దానంతట అదే మార్చే పద్ధతి) వచ్చాయి. ఇప్పుడు మాడ్యూళ్ల (కాంపొనెంట్లను కట్టగట్టే ఫైళ్ల) గోల కూడా లేదు.

గండికోట

సార్, పెద్ద బృందానికి మీ మాట సరే. ముగ్గురి పనికి యాంగ్యులర్‌లోని డిపెండెన్సీ ఇంజెక్షన్ మొదలుకొని ఆర్‌ఎక్స్‌జేఎస్ దాకా బరువైన పద్ధతులన్నీ నేర్పాలంటే ఆ పిల్లలు మొదటి లాటు తెర రాసేసరికి చీనీ కోత అయిపోతుంది.

ఆదోని_పత్తి (ఆదోని)

వెర్షన్ల గురించి ఇంత చర్చ జరిగింది, తెలుగులో టైప్ చేయడం గురించి ఒక్కరూ మాట్లాడలేదు. పత్తి మార్కెట్‌లో ఇలాంటి పనే చేస్తున్నాను కాబట్టి చెప్తున్నా, రోజూ ప్రాణం తీసేది ఇదే.

కాటా దగ్గర కుర్రాడు ఫోన్‌లో రైతు పేరు వెతుకుతాడు. 'రామాం' అని కొట్టగానే కింద పేర్లు రావాలి. వ్యూలో వీ-మోడల్ (గడిని, దాని విలువను కలిపి కట్టే ఆదేశం) పెడితే, కీబోర్డు మాటను ఇంకా కూరుస్తున్నంతసేపూ విలువ మారదు. చైనీస్, జపనీస్, కొరియన్ లాంటి భాషలకు ఇలా అవుతుందని వ్యూ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. ఆండ్రాయిడ్ కీబోర్డులు చాలావాటిలో తెలుగుకూ ఇదే జరుగుతుంది. స్పేస్ కొట్టేదాకా జాబితా కదలదు. కుర్రాడేమో యాప్ హ్యాంగ్ అయిందనుకుని మళ్లీ మళ్లీ నొక్కుతాడు. దీనికి మందు చిన్నదే: వీ-మోడల్ వదిలేసి, విలువను విడిగా కట్టి, ఇన్‌పుట్ ఈవెంట్‌ను మనమే వినాలి.

రియాక్ట్‌లో ప్రతి మార్పుకూ ఆన్‌ఛేంజ్‌ను (గడి మారినప్పుడు నడిచే ఫంక్షన్) పిలుస్తుంది, జాబితా వెంటనే కదులుతుంది. అక్కడ చిక్కు వేరు. టైప్ చేస్తుండగానే ఆ విలువలో ఖాళీలు తీసేయడమో, ఏదైనా దిద్దడమో చేశామా, కీబోర్డు కూర్పు చెదిరి అక్షరాలు రెట్టింపు పడతాయి. కూర్పు అయ్యేదాకా విలువను ముట్టుకోకూడదు.

ఇంకొన్ని ఏ ఫ్రేమ్‌వర్కూ చూసిపెట్టదు. మహబూబ్‌బాషా అన్న పేరులో బ్‌ తర్వాత కనపడని విడదీసే అక్షరం ఒకరు పెడతారు, ఒకరు పెట్టరు. చదివితే ఒకటే పేరు, వెతికితే దొరకదు. దాచే ముందూ వెతికే ముందూ దాన్ని తీసేయాలి. రైతు పేరులో మొదటి అక్షరం గుండ్రంగా చూపిద్దామని సున్నా స్థానం తీసుకుంటే 'శ్రీనివాసులు' నుంచి 'శ' మాత్రమే వస్తుంది. 'శ్రీ' అన్నది కంప్యూటర్ లెక్కలో నాలుగు కోడ్‌లు. పేరు గడికి పొడవు హద్దు పెట్టేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోవాలి, లేకపోతే మన పెద్ద పేర్లు సగంలో తెగుతాయి.

అందుకే నా అభిప్రాయం: వ్యూ అయినా సరే, రియాక్ట్ అయినా సరే, ముందు ఒక పేరు వెతికే గడి రాసి కాటా దగ్గర కుర్రాడి చేతికివ్వండి.

చీనీతోట

వీ-మోడల్ సంగతి చాలా పనికొచ్చింది అన్నా. నేను ల్యాప్‌టాప్ మీదే చూశాను, ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో ఇంకా చూడలేదు.

హంద్రీ (కర్నూలు)

స్వెల్ట్ వైపు ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను రాస్తున్నా. ఫోన్లు మామూలువి అన్నారు. అలాంటి ఫోన్‌లో ఆలస్యమయ్యేది డౌన్‌లోడ్ ఒక్కటే కాదు, వచ్చిన జావాస్క్రిప్ట్‌ను చదివి నడపడం కూడా. రియాక్ట్, రియాక్ట్ డామ్ రెండూ కలిపి కుదించిన తర్వాత కూడా 40 కేబీ దాటతాయి, మన కోడ్ ఇంకా మొదలే కాలేదు. స్వెల్ట్ పనంతా బిల్డ్ (పంపే ముందు కోడ్‌ను సిద్ధం చేసే) సమయంలోనే చేసేసి, ఫోన్‌కు తక్కువ కోడ్ పంపుతుంది. రిచ్ హారిస్ 2016లో విడుదల చేసినప్పటి నుంచీ దాని ఉద్దేశం ఇదే. పైగా ఒక కాంపొనెంట్ రాయడానికి పట్టే వరుసలు తక్కువ, కొత్తవాళ్లకు తికమక తక్కువ.

గండికోట

చిన్న యాప్‌లో ఆ తేడా నిజమే. తెరలు పెరిగే కొద్దీ స్వెల్ట్‌లో ప్రతి కాంపొనెంట్ తన కోడ్ తాను మోసుకొస్తుంది, తేడా తగ్గుతూ పోతుంది. పైగా ఇక్కడ సర్వీస్ వర్కర్ (ఫైళ్లను ఫోన్‌లో దాచి, సిగ్నల్ లేకున్నా ఇచ్చే స్క్రిప్ట్) పెట్టక తప్పదు. ఫైళ్లు ఒకసారి ఫోన్‌లో పడ్డాక మళ్లీ మళ్లీ డౌన్‌లోడ్ ఉండదు. ఇక బరువు గురించే దిగులైతే, తెలుగు వెబ్ ఫాంట్ పెట్టకండి, అదొక్కటే మొత్తం ఫ్రేమ్‌వర్క్ కన్నా బరువుండొచ్చు. ఆండ్రాయిడ్‌లో తెలుగు ఫాంట్ ఎలాగూ ఉంటుంది.

2024 అక్టోబర్‌లో స్వెల్ట్ ఐదో వెర్షన్ రూన్స్ అనే కొత్త రాతతో వచ్చింది. పాత రాత ఇంకా నడుస్తుంది, కాదనను. కానీ ఇంటర్నెట్‌లో దొరికే పాఠాల్లో సగం పాత పద్ధతివి. కొత్త పిల్లవాడు ఏది చూసి నేర్చుకోవాలి?

రాయలచెరువు (అనంతపురం)

నేను చాలా ఏళ్లుగా పీహెచ్‌పీ మీదే పనిచేస్తున్నాను. ఉన్నది నడుస్తోంటే దాన్ని ఎందుకు పడగొట్టాలి? పట్టీ, రోజు లెక్క, రైతు ఖాతా... ఇవన్నీ సర్వర్ తయారుచేసి ఇచ్చే పేజీలు. హెచ్‌టీఎమ్‌ఎక్స్ అనే చిన్న లైబ్రరీ పెడితే పేజీ మొత్తం మళ్లీ తెరవకుండా ముక్క ముక్కగా మార్చుకోవచ్చు. కుదించాక 14 కేబీ చుట్టూ ఉంటుంది, బిల్డ్ అవసరం లేదు.

వెబ్‌లో గొప్ప తెరలు కట్టడానికి ఫ్లాష్ మీద నడిచే ఫ్లెక్స్ వాడిన రోజులు, మైక్రోసాఫ్ట్ సిల్వర్‌లైట్ వాడిన రోజులు చూశాను. 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్ పోయింది, 2021 అక్టోబర్‌లో సిల్వర్‌లైట్‌కు మద్దతు పోయింది. వాటిమీద కట్టినవన్నీ తిరగరాసుకున్నారు. ఆ రోజుల్లో రాసిన మామూలు హెచ్‌టీఎమ్‌ఎల్ ఫారం ఇవాళ్టి ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది. ఇరవై ఏళ్లు బతకాల్సిన లెక్కలకు నేను దాన్నే నమ్ముతాను.

చీనీతోట

సార్, మీ మాటను తీసిపారేయలేను. పట్టీ పేజీల వరకు అదే సరి. కానీ షెడ్డులో సిగ్నల్ లేనప్పుడు? హెచ్‌టీఎమ్‌ఎక్స్‌లో ప్రతి నొక్కుకూ సర్వర్ జవాబివ్వాలి. తూకం అయిన బండి సిగ్నల్ కోసం ఆగదు, వెనక ఇంకో బండి హారన్ కొడుతుంటుంది.

మైదుకూరు_పసుపు (కడప జిల్లా)

ఇందాకటి నుంచీ చదువుతున్నాను. సిగ్నల్ లేకపోయినా నడవడం అన్నది రియాక్ట్ ఇవ్వదు, వ్యూ ఇవ్వదు, స్వెల్ట్ ఇవ్వదు. తూకాన్ని ఇండెక్స్‌డ్ డీబీలో (బ్రౌజర్‌లోనే ఉండే డేటాబేస్) దాచాలి, సిగ్నల్ రాగానే వరుసగా పంపాలి, పంపింది అందిందో లేదో చూసుకోవాలి. ఇదంతా మామూలు జావాస్క్రిప్ట్. కమీషన్, హమాలీ లెక్కలూ అంతే. డబ్బును పైసల్లో పూర్ణాంకంగా, తూకాన్ని గ్రాముల్లో పూర్ణాంకంగా ఉంచి టైప్‌స్క్రిప్ట్ (విలువల రకాలు సరిచూసే జావాస్క్రిప్ట్) ఫంక్షన్లుగా విడిగా రాసుకోండి. 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాని భాషలో రైతు డబ్బు లెక్కేస్తున్నాం. ఆ ఫంక్షన్లలో ఫ్రేమ్‌వర్క్ పేరు ఎక్కడా కనపడకూడదు. అప్పుడు రేపు వ్యూ తీసి రియాక్ట్ పెట్టినా మారేది పై తెరలే.

ఇంకో విషయం, తెరను బట్టి తేల్చుకోండి. గుమస్తాలు టాలీకి అలవాటు పడినవాళ్లు. ఎంటర్ కొడితే తర్వాతి గడికి పోవాలి, మౌస్ ముట్టరు. అందమైన కాంపొనెంట్ లైబ్రరీల్లో డ్రాప్‌డౌన్, తేదీ పెట్టె లాంటివి ఆ ఎంటర్‌ను తమ పనికి వాడేసుకుంటాయి. అక్కడ ఫ్రేమ్‌వర్క్‌తో కాదు, ఆ లైబ్రరీతో కొట్లాట. కాబట్టి తూకం తెరకు లైబ్రరీ లేకుండా మామూలు ఇన్‌పుట్ గడులే పెట్టండి. 

పట్టీ గురించి కూడా ఒక మాట. సూటు (తరుగు) కింద తీసే కిలోలు, హమాలీ, కమీషన్ విడివిడి వరుసల్లో ప్రింటవ్వాలి. మొత్తంలో కలిపేసిన పట్టీ చూసి రైతు ఏమీ తేల్చుకోలేడు. ఏ ఫ్రేమ్‌వర్క్ తీసుకున్నా ఈ ఒక్కటి యజమానితో ముందే మాట్లాడుకోండి.

తుంగభద్ర

అక్కా, లెక్కలు విడిగా ఉంచాలన్నది నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను. కానీ ఇద్దరు కొత్తవాళ్లు ఆ గీత దాటకుండా ఎవరు చూస్తారు? యాంగ్యులర్‌లో సర్వీసు అనే చోటు ముందే గీసి ఉంటుంది. మిగతావాటిలో ఆ క్రమశిక్షణ మనిషి మీద ఆధారపడుతుంది.

మైదుకూరు_పసుపు

లెక్కల ఫోల్డర్‌లో వ్యూను ఇంపోర్ట్ చేస్తే బిల్డ్ ఆగిపోయేలా ఒక లింట్ (కోడ్‌ను తనిఖీ చేసే పనిముట్టు) నియమం పెట్టొచ్చండీ. దానికోసం యాంగ్యులర్ అంతా మోయక్కర్లేదు.

చీనీతోట

అందరి మాటలూ మా ఇద్దరు పిల్లలకు చదివి వినిపించాను. ఇలా చేద్దామనుకుంటున్నాం. పట్టీ, ఖాతాలు, రోజు లెక్కల పేజీలు పీహెచ్‌పీలోనే ఉంటాయి, రాయలచెరువు సార్ చెప్పినట్టు హెచ్‌టీఎమ్‌ఎక్స్‌తో కొంత మెరుగు చేస్తాం. కాటా దగ్గర తూకం తెర ఒక్కటే వ్యూలో రాస్తాం, పేరు వెతికే గడికి వీ-మోడల్ వాడం. లెక్కలు అక్క చెప్పినట్టు విడిగా.

గండికోట

నేనింకా రియాక్టే అంటాను. ఇప్పుడు మీ దగ్గర రెండు రకాల రాత తయారైంది, వచ్చే మనిషికి రెండూ తెలియాలి. అయినా మీ ఇష్టం. ఒకటి అడుగుతా, జవాబు చెప్పు: సిగ్నల్ సగంలో పోయి, సర్వర్‌కు అందిందో లేదో ఫోన్‌కు తెలియక అదే తూకం మళ్లీ పంపితే? ఒకే బండికి రెండు పట్టీలు పడతాయి.

చీనీతోట

తూకం సేవ్ నొక్కినప్పుడే ఫోన్‌లో ఒక యూయూఐడీ (ఇంకోదానితో కలవని గుర్తు సంఖ్య) తయారై ఆ తూకానికి అంటుకుంటుంది అన్నా. ఎన్నిసార్లు పంపినా అదే ఐడీ వెళ్తుంది. డేటాబేస్‌లో ఆ గడికి యూనిక్ ఇండెక్స్ (ఒకే విలువను రెండుసార్లు పడనివ్వని నియమం) ఉంటుంది, రెండోసారి వస్తే సర్వర్ కొత్త వరుస రాయకుండా పాత పట్టీ నంబరే తిరిగి పంపుతుంది. బ్రౌజర్‌లో ఆ ఐడీ తయారుచేసే ఫంక్షన్ హెచ్‌టీటీపీఎస్ ఉంటేనే దొరుకుతుంది, సర్వీస్ వర్కర్‌కూ అదే షరతు. అందుకని మండీ పాత డొమైన్‌కు ముందు సర్టిఫికెట్ పెట్టిస్తున్నాం.